మన్రోలప్ప పేరును దిద్దకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో మగపిల్లలకు అరుదైన పేర్లు అంటూ ఒక పేజీ నిండా జాబితా వేశారు. విహాన్, అద్విక్, రేయాన్ష్, కియాన్ష్... పక్కన అర్థాలు కూడా ఇచ్చారు. రేయాన్ష్ అంటే సూర్యకిరణం అట. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠం చెప్పి రిటైరైనవాణ్ణి. నా దగ్గరున్న నిఘంటువులన్నీ తిరగేశాను, ఆ మాట ఎక్కడా దొరకలేదు. అర్థం సంగతి పక్కన పెడితే, అరుదు సంగతి చూడండి. మా వీధి అంగన్‌వాడీ గడప దగ్గర నిలబడి ‘విహాన్!’ అని ఒక్క కేక వేస్తే ముగ్గురు పిల్లలు తల తిప్పుతారు.

నిజంగా అరుదైన మగపేరు ఒకటి నాకు తెలుసు. అది మా నాయన పేరు. మన్రోలప్ప.

ఈ పేరు చెప్పగానే ఎదుటివాళ్లు రెండోసారి అడగడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. బళ్లో చేరినప్పుడు అడిగారు, ఉద్యోగంలో చేరినప్పుడు అడిగారు, నా పెళ్లి చూపుల్లో మామగారి తరఫువాళ్లూ అడిగారు. గుత్తి, పత్తికొండ, తాడిపత్రి వైపు పెద్దవాళ్లు మాత్రం అడగరు. ‘ఓ, దొర పేరా’ అంటారు, అంతే.

ఆ దొర థామస్ మన్రో. 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వ్యాపారి. అమెరికా యుద్ధం వచ్చి పొగాకు వ్యాపారం దెబ్బతిని, ఇల్లు చితికిపోయింది. కొడుకు 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసులో ఓడ దిగాడు. చిన్నప్పుడు తట్టు పోసి చెవులు దెబ్బతిన్నాయి, వినికిడి కాస్త తక్కువ. కంపెనీ తరఫున హైదరలీ మీదా, టిప్పు మీదా యుద్ధాలు చేశాడు. ఆ తర్వాత ఇప్పటి తమిళనాడులోని బారామహల్లో, కర్ణాటక తీరాన కెనరాలో రెవెన్యూ పని నేర్చాడు. 1800లో నిజాం తన సైనిక ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం కంపెనీకి రాసిచ్చేస్తే, ఆ దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. అనంతపురం కేంద్రంగా పని చేశాడు.

దత్తమండలాలు అన్న ఆ పేరు మాకు రుచించలేదు. మమ్మల్ని ఎవరో ఎవరికో దానమిచ్చినట్టుంది కదా. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభల్లో దాన్ని తీసేసి రాయలసీమ అని పెట్టుకున్నాం. సీమ పేరు మార్చుకున్నవాళ్లం, ఆ సీమను పుచ్చుకున్న కంపెనీ కలెక్టరు పేరును మాత్రం కొడుకులకు పెట్టుకున్నాం. ఇందులో తిరకాసు ఉన్నట్టే కనిపిస్తుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు పేరు కట్టుబడి. మన్రో అన్నది అసలు ఇంటిపేరు. స్కాట్లండు ఉత్తరాన ఫౌలిస్ కోట చుట్టూ ఉన్న ఒక వంశానిది. వాళ్ల పూర్వీకులు ఐర్లండులో రో అనే నది ఒడ్డు నుంచి వచ్చారని, ఆ నది పేరే వంశం పేరులో నిలిచిందని వాళ్ల సంప్రదాయ కథనం. అంత దూరపు ఇంటిపేరును మా వాళ్లు ఎంత సులువుగా సొంతం చేసుకున్నారో చూడండి. పెద్దమనిషి కాబట్టి వట్టి మన్రో అనలేదు, ఆంజనేయులు, నరసింహులు అన్నట్టుగా ‘లు’ చేర్చి మన్రోలు అన్నారు. దాని వెనక మా వైపు అందరికీ తగిలించే ‘అప్ప’ తగిలించారు. రాములప్ప, తిమ్మప్ప, మన్రోలప్ప. నోరు తిరగనిచోట మండ్రోలప్ప అన్నారు. కన్నడ సరిహద్దు కాబట్టి ఈ అప్ప మాకు దండిగా ఉంది. అదే కోస్తాలో అయితే మన్రోలయ్య అయ్యుండేవాడేమో.

మా వైపు పేర్లు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. మా దగ్గర పేరు అంటే మొక్కుబడి. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామికి మొక్కుకుంటే నెట్టికంటయ్య పుడతాడు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే ఉరుకుందప్ప, ఈరన్న. అహోబిలానికి మొక్కుకుంటే ఓబులేసు. మద్దిలేటి స్వామికి మద్దిలేటి. గూగూడు పీర్ల చావిట్లో కుళ్లాయిస్వామికి చదివింపులు చేసుకుంటే కుళ్లాయప్ప. ఈ కుళ్లాయప్ప హిందువూ కావచ్చు, ముసల్మానూ కావచ్చు. దస్తగిరి అనే పేరున్న రెడ్లు మా వైపు ఎంతమందో. హాజరు పట్టీ చదివి పిల్లవాడి మతం చెప్పమంటే నాకు సగం పేర్ల దగ్గర చేతకాదు. ఇంతమంది దేవుళ్లూ పీర్లూ ఉన్న వరసలో ఒక దొర కూడా వచ్చి కూర్చున్నాడు.

దొరను దేవుళ్ల వరసలో కూర్చోబెట్టినందుకు కథలు కూడా దండిగానే పుట్టాయి. మంత్రాలయం కథ అందరికీ తెలిసిందే. అప్పట్లో దాని పేరు మంచాల. మఠం మాన్యం విషయం తేల్చడానికి వచ్చిన మన్రో టోపీ తీసి, బూట్లు విప్పి బృందావనం ముందు నిలబడితే రాఘవేంద్రస్వామి ఆయనకొక్కడికే కనబడి మాట్లాడారని, మాన్యం మఠానికే ఉంచేశాడని చెప్తారు. తిరుమలలో రోజూ నైవేద్యం పెట్టే పొంగలి గంగాళాన్ని మన్రో గంగాళం అంటారు. కడుపునొప్పి తగ్గినందుకు కోటవాయలు అనే ఊరి రాబడిని రాసిచ్చాడని దాని కథ. ఇక కడప జిల్లా గండి. పాపఘ్ని కొండల్ని చీల్చుకుని వచ్చేచోట, రెండు కొండల నడుమ రాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉంటుందని, అది పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గరపడినప్పుడే కనిపిస్తుందని నమ్మకం. మన్రో గండిలో తలెత్తి చూసి ‘అదేమిటి, ఆ బంగారు తోరణం?’ అని అడిగాడట. పక్కనున్నవాళ్లకు ఏమీ కనపడలేదు, కానీ సంగతి అర్థమై మొహాలు చూసుకున్నారట.

కథలు కథలే. చరిత్రకు వస్తే, తర్వాత మద్రాసు గవర్నరైన మన్రో ఆ పదవికి రాజీనామా ఇచ్చి, ఇంగ్లండుకు పోయేముందు దత్తమండలాల్ని చివరిసారి చూసుకుపోదామని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండ దగ్గర డేరాలో కలరాతో చనిపోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి కోట కింద పాతిపెట్టారు. తర్వాత 1831లో అస్థికలు మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చారు. పత్తికొండలో ఆయన పేరిట తోపు వేశారు, మెట్లబావి తవ్వించారు. గుత్తిలో సత్రం కట్టారు. మద్రాసులో గుర్రం మీద విగ్రహం సంగతి సరేసరి. జీను లేదు, రికాబులు లేవు అని ఇప్పటికీ జనం చెప్పుకుంటూనే ఉంటారు. 19వ శతాబ్దంలో రాసిన ఆయన జీవిత చరిత్రలోనే కడప జిల్లాలో మగపిల్లలకు మన్రోలప్ప అని పేరు పెడుతున్నారని, అడుక్కునేవాళ్లు ఆయన మీద పదాలు పాడుతున్నారని రాసి ఉంది. అంటే ఇది మా ఇంట్లో పుట్టిన చిత్రం కాదు, ఆ కాలంలో నలుగురూ పెట్టుకున్న పేరే.

ఎందుకు పెట్టుకున్నారన్నదే నేను మీతో ముచ్చటించాలనుకున్న సంగతి.

పన్ను తగ్గించాడని పెట్టారు అనుకుంటారు చాలామంది. అది సగమే నిజం. తన సర్వేలో కట్టిన శిస్తు రైతుకు బరువేనని మన్రోకు తెలుసు. పంటలో దాదాపు 45 శాతం సర్కారుకే పోయేది. 1807లో వెళ్లిపోయేముందు, అన్ని భూముల మీదా నూటికి 25 తగ్గించండి, బావుల కింద, చెరువుల కింద సాగయ్యే వాటికి ఇంకో 8 తగ్గించండి అని పైకి రాశాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోగా, రైతు పేరునే పట్టా రాసి శిస్తు నేరుగా అతని దగ్గరే కట్టించుకునే రైతువారీ పద్ధతినే ఎత్తేసి, ఊళ్లకు ఊళ్లను గుత్తకిచ్చేశారు. అది నడవలేదు, ఊళ్లు దివాలా తీశాయి. 1820లో ఆయనే గవర్నరుగా తిరిగొచ్చాక గాని ఆ తగ్గింపు రాలేదు. మధ్యలో పన్నెండు పదమూడేళ్లు గడిచిపోయాయి. వట్టి పన్ను కోసమే అయితే ఆ ఏళ్లలోనే జనం ఆయన్ని మరిచిపోయేవారు.

మా జేజినాయన, అంటే తాత, చెప్పే కారణం వేరు. ఆయన చదువుకున్నవాడు కాదు. మన్రోను చూసినవాడూ కాదు, వాళ్ల జేజినాయన దగ్గర విన్నవాడు. ఆయన మాటల్లోనే చెప్తాను, అందులో పాళెగాడు అంటే సొంత బలగంతో ఊళ్లను ఏలిన స్థానిక నాయకుడు. ‘అంతకు ముందర మడి మనదే, పేరు మాత్రం పాళెగానిది. దొర వచ్చి నీ పేరేందిరా అని అడిగి కాయితం మీద రాయించినాడు. మన పేరు రాసినోని పేరు మనం పెట్టుకున్నాం.’

ఇంతకు మించిన వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. రైతువారీ అంటే అదే కదా. మన్రో వచ్చేనాటికి ఈ నాలుగు జిల్లాల్లో 80 మంది పాళెగాళ్లు, వాళ్ల కింద 30,000 మంది సాయుధులు. శిస్తు అంటే వాళ్లకు ముట్టినంత ముట్టగా మిగిలింది పైకి పోయేది. ఎవడి చేను ఎంతో, ఎవడు ఎంత కట్టాలో పైవాడికి తెలియదు, కిందివాడికి రసీదు లేదు. మన్రో పాళెగాళ్లను అణిచి, కొందరికి పింఛను కట్టి పక్కన కూర్చోబెట్టి, చేను చేనుకూ గొలుసు పట్టించాడు. గొలుసు పొడవు 33 అడుగులు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు అయితే ఒక గుంట, నలభై గుంటలు ఒక ఎకరం. తెలంగాణలో ఈరోజుకీ ఎకరం తర్వాత గుంటల్లో లెక్క చెప్తారు కదా, కొలత ఇదే. మా వైపు ఎందుకో సెంట్లలోకి దిగిపోయాం. కొలిచాక, మంచి రకం నేలకు ఎంత, గరువుకు ఎంత, ఎర్రనేలకు ఎంత అని తరాలు కట్టి, ఆ చేను సాగు చేసుకునేవాడి పేరునే పట్టా రాశారు. ఏటేటా జమాబందీకి, అంటే శిస్తు లెక్క తేల్చడానికి, కలెక్టరు తానే డేరాలు వేసుకుని ఊరి నుంచి ఊరికి తిరిగేవాడు. కచేరీలో కూర్చుని కరణం చెప్పిన లెక్క మీద సంతకం పెట్టే దొరల్నే చూసిన జనం, చింతచెట్టు కింద తమ గోడు వినే దొరను అప్పుడే చూశారు.

గోదావరి వైపు కాటన్ దొరకు ఊరూరా విగ్రహాలున్నాయి. అక్కడ కళ్లకు కనిపించే ధవళేశ్వరం ఆనకట్ట ఉంది. తమిళనాడులో తేని వైపు పిల్లలకు పెన్నీక్విక్ అని పేరు పెట్టుకుంటారు. 1895లో ఆయన కట్టిన ముల్లపెరియార్ నీళ్లు వాళ్ల మళ్లలోకి పారుతున్నాయి. మాకు మన్రో ఆనకట్ట కట్టలేదు, కాలవ తవ్వలేదు. మాకు మిగిల్చింది కాగితం. ఆ కాగితానికే ఇంత విశ్వాసం చూపించిన జనం వాళ్లు.

నేను ఆయన్ని దేవుణ్ణి చేస్తున్నాననుకోవద్దు. మా మేనల్లుడు ఒకడు హైదరాబాదులో ఉంటాడు, బాగా చదువుకున్నాడు. ‘మామా, అది బానిస పేరు. మీ నాయన పేరు చెప్పుకోవడానికి నీకు సిగ్గులేదా’ అని ముఖానే అడిగాడు. వాడి మాటలో పస ఉంది. 1801లో కర్నూలు జిల్లా తెర్నేకల్లు జనం శిస్తు కట్టేది లేదని తిరగబడితే కంపెనీ సైన్యం ఊరిమీద పడి ఎంతమందిని చంపిందో ఆ ఊరివాళ్లు ఇంకా చెప్పుకుంటారు. అప్పుడు కలెక్టరు ఈ మన్రోనే. తెర్నేకల్లులో మన్రోలప్ప అనే పేరు పెట్టుకున్నారంటే నేను నమ్మను. పంటలో సగానికి దగ్గరగా శిస్తు కట్టించుకున్న సర్కారు ధర్మసర్కారూ కాదు. 1803, 1804 కరువుల్లో కూడా శిస్తు ఆగలేదు.

మేనల్లుడికి నేను చెప్పిన జవాబు ఇంతే. ఒరే అబ్బీ, పేరు పెట్టమని ఏ దొరా ఉత్తర్వు ఇవ్వలేదు. పెట్టినందుకు ఎవరికీ ఇనాములు రాలేదు. మన ఊరి మీదుగా పోయిన కలెక్టర్లు లెక్కకు మిక్కిలి. వాళ్లలో ఎవడి పేరూ మనవాళ్లు పిల్లలకు పెట్టలేదు. బ్రౌన్ దొర తెలుగుకు అంత చేశాడు, పైగా ఆ బ్రౌనుకు దేశభాష నేర్చుకోవాలన్న పట్టుదల పుట్టించింది 1820లో మద్రాసు కాలేజీలో మన్రో చేసిన ప్రసంగమే. అయినా బ్రౌనప్ప పుట్టలేదు. నిఘంటువు పంతులుకు పనికొస్తుంది, పట్టా రైతుకు పనికొస్తుంది. రైతు తన లెక్క తాను వేసుకున్నాడు. అది బానిసత్వం కాదు, బేరం తెలిసిన మనిషి పని. వాడు ఒప్పుకోలేదు. పండక్కి వచ్చినప్పుడల్లా ఈ వాదన మళ్లీ మొదలవుతుంది, మధ్యలో మా ఇంటావిడ ఓళిగలు తెచ్చి పెడితే ఆగుతుంది.

ఇక పేరు ఎందుకు అరుదైపోయింది? మా వైపు తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. మా ఇంట్లో అలా ఒక తరం విడిచి ఒక తరానికి మన్రోలప్ప దిగుతూ వచ్చాడు. ఆ లెక్కన మా పెద్దవాడు మన్రోలప్ప కావాలి. పేరుపెట్టే రోజున బంధువులంతా చేరి, ఈ కాలంలో అప్పలేమిటి అన్నారు. తాత పేరులో మొదటి అక్షరం కలిస్తే చాలని పురోహితుడు దారి చూపించాడు. వాడు మనోహర్ అయ్యాడు. నిన్నగాక మొన్న వాడికి కొడుకు పుడితే ఆ ‘మ’ కూడా పోయింది, ఇప్పుడు సంఖ్యాశాస్త్రం కదా. ఇలాగే మా ఊళ్లో నెట్టికంటయ్య మనవడు నితిన్ అయ్యాడు, కుళ్లాయప్ప మనవడు కుశాల్ అయ్యాడు. నా సర్వీసు మొదట్లో హాజరు పట్టీలో తండ్రి పేరు గడిలో అయినా ఒకరో ఇద్దరో మన్రోలప్పలు కనిపించేవారు. చివరికొచ్చేసరికి ఆ గడిలో కూడా లేరు.

కొత్తగా ఎవరూ పెట్టకపోతే పోనీయండి. పేర్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఉన్న పేరును రికార్డుల్లో చంపడమే నేను ఓర్చుకోలేకపోతున్నది.

మా నాయన రేషన్ కార్డులో మునిరోలప్ప. ఓటర్ల జాబితాలో మనోలప్ప. పట్టాదారు పాసుపుస్తకంలో మనోరప్ప. ఆయన పోయినప్పుడు మరణ ధ్రువపత్రంలో మాత్రం, ఎవరు రాశారో గాని, మన్రోలప్ప అని సరిగ్గా రాశారు. దాంతో వచ్చింది చిక్కు. మనోరప్ప పేరున ఉన్న భూమి మన్రోలప్ప వారసులకు ఎలా రాస్తామన్నారు. ఆ పని మీద ఒక ఆఫీసుకు వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను, అక్కడి పిల్లవాడు మంచివాడే. కంప్యూటరు ముందు కూర్చుని ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు దానంతటదే వస్తోంది. మన్రో దొర పేరు ఇంగ్లీషులో రాసినట్టు కొట్టాడు, తెరమీద మున్రోలప్ప అని పడింది. ‘మ’కు కొమ్ము తీసేయమన్నాను. తీశాడు. ఒకసారి తెర వంక, ఒకసారి నా వంక చూశాడు.

‘సార్, ఇది ఎక్కడో తప్పు పడినట్టుంది. మనోహరప్ప అని కొట్టేదా?’

‘వద్దు నాయనా. ఉన్నది ఉన్నట్టు కొట్టు.’

‘మీరు క్రిస్టియన్సా సార్?’

‘కాదు. మా ఇంటి దేవుడు ఓబులేసు.’

‘మరి ఇదేం పేరు సార్?’

నా వెనక వరసలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు, భుజాన కంబళి. నాకంటే ముందు ఆయనే జవాబు చెప్పాడు. ‘సర్వే చేసిన దొర పేరప్పా అది. నువ్వు కొడుతున్న ఆ సర్వే నెంబర్లకు తాత ఆయన.’

పిల్లవాడు నవ్వి, సరిగ్గానే కొట్టాడు. కానీ అది ఆ ఒక్క కాగితంలోనే. మిగతా వాటికి, ఈ నాలుగు పేర్లూ ఒక్క మనిషివే అని స్టాంపు కాగితం మీద అఫిడవిట్టు రాయించి, నోటరీ చేయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి ఇవ్వాల్సి వచ్చింది. ఈమధ్య రీసర్వే జరిగింది మా ఊళ్లో. పైన డ్రోన్ తిరిగింది, చేలల్లో రోవర్ అనే కొలత యంత్రం పట్టుకుని కుర్రాళ్లు నడిచారు, కొత్త హద్దురాళ్లు పాతారు. కొలత సెంటీమీటర్లతో సహా సరిపోయిందన్నారు. ముసాయిదా జాబితా గోడకు అంటించారు. నేను కళ్లద్దాలు పెట్టుకుని వెతికితే మా చేను ఎదురుగా తండ్రి పేరు గడిలో ‘మనోరాలప్ప’ అని ఉంది. గొలుసు పట్టుకుని కొలిచిన రోజుల్లో చేను కొలత అటూ ఇటూ అయ్యుండొచ్చు. పేరు మాత్రం కరణం అడిగి రాసుకునేవాడు. అభ్యంతరం రాసిచ్చాను. ఇంకా జవాబు రాలేదు.

నా బాధ నా ఒక్క కుటుంబానిది కాదు. మా వైపు కుళ్లాయప్పలు ‘కుల్లయ్య’లవుతున్నారు. నెట్టికంటయ్యను ‘నీలకంఠయ్య’ చేశారు. ఉరుకుందప్ప ‘ఉరుగొండప్ప’ అయ్యాడు. దిద్దేవాళ్లకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. తమకు తెలియని పేరు తప్పు అనుకుంటున్నారు, తెలిసిన పేరులోకి దించేస్తున్నారు. అమలాపురం నుంచో శ్రీకాకుళం నుంచో వచ్చిన ఉద్యోగికి మన్రోలప్ప తెలియకపోవడం నేరం కాదు. ఎదురుగా మనిషి నిలబడి ఉండగా అడక్కపోవడమే నాకు అర్థం కాదు.

మీ పత్రిక ద్వారా రెండు సంగతులు కోరుతున్నాను. మొదటిది రెవెన్యూ, పౌర సరఫరాల శాఖల వారికి. పాత అడంగల్లో, 1-బిలో (ఇవి భూమి లెక్కల రికార్డులు), పాత దస్తావేజులో పేరు ఎలా ఉందో అలాగే కొత్త రికార్డులోకి ఎక్కించమని, అనుమానం వస్తే పట్టాదారును అడిగి రాయమని కింది సిబ్బందికి లిఖితపూర్వకంగా చెప్పండి. పేరులో ఒక్క అక్షరం సవరణకు అఫిడవిట్టు ఖర్చు రైతు మీద వేయకండి. తప్పు రాసింది ఆయన కాదు.

రెండోది మీకు. అరుదైన పేర్ల జాబితా మళ్లీ వేసేటప్పుడు జిల్లాకొక విలేకరిని ఒక పూట పంచాయతీ ఆఫీసుకు పంపండి. పాత ఇంటిపన్ను రిజిస్టర్లు తిరగేయిస్తే, మీరు ఎక్కడెక్కడో వెతికి వేసిన వాటికన్నా మంచి పేర్లు దొరుకుతాయి. ఒక్కో పేరు వెనక దేవుడో, పీరో, కరువో, దొరో ఉంటాడు, అర్థం కల్పించాల్సిన పని ఉండదు. పాఠకుల్లో ఎవరింట్లోనైనా మన్రోలప్ప అనే పెద్దవాళ్లు ఉండి ఉంటే, ఆ పేరు వాళ్ల కాగితాల్లో ఎన్ని రకాలుగా రాశారో మీకు రాసి పంపమనండి. నా దగ్గర ఇప్పటికి అయిదు రకాలున్నాయి. మండ్రోలప్ప అని రాసిన పాత దస్తావేజు ఎవరి దగ్గరైనా ఉంటే నకలు తీసుకోవడానికి నేనే వస్తాను, బస్సు చార్జీ నాదే.

ఉత్తరం పొడుగైంది. స్థలం చాలకపోతే గండి తోరణం కథ తీసేయండి, తెర్నేకల్లు మాత్రం తీయకండి. అచ్చులో మా నాయన పేరు దిద్దకుండా చూడమని మీ ప్రూఫు రీడరు గారికి ప్రత్యేకంగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
గుత్తి, అనంతపురం జిల్లా